పలికినవాడే కొడుకు

దాలయ్య పోయిన మూడో రోజు సాయంత్రం, ఒడ్డు మీద ఎవరూ పిలవకుండానే సముద్రం మీది నుంచి జవాబు వచ్చింది.

"ఓ..." అని ముందు ఒక గొంతు. దాని వెనక మరొకటి. వెలుతురు ఇంకా పూర్తిగా పోని నీళ్ళ మీద, వేట ముగించుకుని వస్తున్న బోట్లు ఒకదాని తరువాత ఒకటి పలికాయి. గంపలతో ఎదురు వచ్చిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ ఆ వేళకు పిలిచే ముసలాయన ఇసుకదిబ్బల వెనక కాలి బూడిదయ్యాడు. మరి వీళ్ళు పలికింది ఎవరికి?

లక్ష్మణమ్మ తూర్పు వాకిట్లో నిలబడి ఆ జవాబులు విన్నది. ఆమె దాలయ్యకు పెద్దకోడలు. పెళ్ళయిన నాలుగు నెలలకే ఆమె భర్త కొండబాబు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అది జరిగి ముప్పై ఏళ్ళు.

మొదటి బోటు ఇసుక ఎక్కగానే దాలయ్య చిన్నకొడుకు చినబాబు ఎదురు వెళ్ళాడు. బోటులోంచి ధర్మేంద్ర దూకాడు. పాతికేళ్ళవాడు, ఆ బోటుకు పెద్ద.

"ఎందుకు పలికినారురా?"

"తాత పిలిసినాడు కాదేటి సిన్నాన్నా!"

"తాత ఎక్కడున్నాడురా? మొన్న పాడెకి భుజం పట్టినోడివి నువ్వే కదా!"

"పట్టినాను. ఇప్పుడు ఇన్నాను కూడా. ఇంజను ఆపీసి మరీ ఇన్నాను. మూడుసార్లు పిలిసినాడు."

"నీ మొకం. అలవాటురా అది. పొద్దు గుంకింది, నోరు దానంతటదే తెరుసుకున్నాది."

"అలవాటైతే నా ఒక్కడికి రావాల. బోట్లన్నిటికీ ఒకేపాలి వస్తాదేటి?"

అరుగు మీద కూర్చున్న బుల్లమ్మకు ఈ మాటలేవీ వినపడలేదు. ఆవిడ దాలయ్య చెల్లెలు. చెవులు పోయి చాలా ఏళ్ళయింది. "ఏటంటన్నాడే ఆడు?" అని అడిగింది.

లక్ష్మణమ్మ ఆవిడ చెవి దగ్గరకు వంగి, "మావ పిలిసినాడంట!" అని గట్టిగా చెప్పింది.

"పిలవడేటి మరి! బతికున్నన్నాళ్ళూ ఒక్కనాడైనా నా మాటిని నోరు మూసినాడా? సచ్చినాక మూస్తాడేటి?"

గంపల దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. నవ్వి, ఎందుకో చప్పున ఆగిపోయారు.

ఆ రాత్రి భోజనాలకు ముందు చినబాబు వదిన దగ్గరకు వచ్చి, గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేల మీద పుల్లతో గీతలు గీశాడు. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు.

"వొదినా, పెద్దదినంనాడు నాన్నకి ముద్ద పెడతాం. ఆ పక్కనే అన్నకీ పెట్టీద్దాం. కులపెద్దలూ అదే అంటన్నారు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఎవులికీ నోరు రాలేదు. ఇప్పుడు సెప్పాల్సింది నువ్వే."

"నానేటి సెప్పగలను?"

"ఉన్నాడని నమ్మితే వద్దను. పోనాడనుకుంటే సరేనను. ఏదో ఒకటి అను. ముప్పై ఏళ్ళుగా నిన్ను మద్దిలోనే నిలబెట్టీసినాం."

లక్ష్మణమ్మ లేచి పళ్ళేలు తెచ్చి పెట్టింది. సరేనంటే, ఇన్నేళ్ళూ ఎవరూ పలకని చావును ఆమె నోరే పలకాలి. చేతి గాజులు తీయాలి. వద్దంటే, రేపటి నుంచి ఆ ఒడ్డున నిలబడి పిలవవలసింది ఆమే. పెద్దదినం లోపల ఈ రెండింటిలో ఒకటి తేలాలి. తేల్చడానికి ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక ముసలివాడి జీవితం. భర్తతో బతికింది నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల నుంచి ఆమెకు మిగిలింది తెల్లవారుజామున తెప్ప వైపు నడిచి వెళ్ళే ఒక వీపు మాత్రమే. ముఖం ఏనాడో చెరిగిపోయింది. గొంతు అంతకన్నా ముందే పోయింది.

*

దాలయ్య వయసు ఎంతో దిబ్బలపేటలో ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డు మీద ఒక సంవత్సరం ఉండేది గాని, అది కార్డు రాసినవాడికి తోచిన సంవత్సరం. ఎవరైనా అడిగితే, "నా ఈడు తెప్పలన్నీ పొయ్యిలోకి ఎల్లిపోనాయిరా" అనేవాడు.

దుంగలు తాళ్ళతో కట్టుకుని, తెరచాప ఎత్తుకుని సముద్రం మీదికి పోయిన చివరి తరం వాళ్ళది. నూలు వలలు పోయి నైలాను వచ్చింది. తెప్పలు పోయి ఫైబరు బోట్లు వచ్చాయి. పెద్ద గాలివానలు రెండుసార్లు వీధిని వీధిగా ఎత్తుకుపోతే, రెండుసార్లూ ఆయన తాటాకు మొదట కప్పింది తన ఇంటికి కాదు, గర్భిణీలున్న ఇళ్ళకు. ఆ తరువాత కాలనీ ఇళ్ళు వచ్చాయి. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు దేశం అవతలి ఒడ్డున వెరావల్ బోట్ల మీద కూలికి పోయి ఏడాదికోసారి వచ్చే రోజులూ వచ్చాయి. వచ్చినదేదీ ఆయన కాదనలేదు. పోయినదాన్ని గురించి ఏడవలేదు.

కులపెద్దగా ఆయన తీర్పులు విచిత్రంగా ఉండేవి. ఒకసారి అన్నదమ్ములిద్దరు ఒక పెద్దవల కోసం తల పగలగొట్టుకుని వచ్చారు. దాలయ్య ఇద్దరినీ వల అటు చివర ఒకణ్ణి, ఇటు చివర ఒకణ్ణి కూర్చోబెట్టి, "ముందు సిరుగులు కుట్టండి. సిరిగిన వల ఎవుడిదైతే ఏటి?" అన్నాడు. కుట్టుకుంటూ కుట్టుకుంటూ ఇద్దరూ నడుమకు వచ్చేసరికి, ఒకడి సూదిలో దారం అయిపోయింది. రెండోవాడు తెంపి ఇచ్చాడు. దాలయ్య లేచి అన్నానికి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో కోడళ్ళు చివర తినడం ఆచారం. లక్ష్మణమ్మ కాపురానికి వచ్చిన నాడే ఆయన పళ్ళెం ముందు కూర్చుని, "కోడలు తిన్నాదా?" అని అడిగాడు. అత్త విస్తుపోయింది. ఆమె తిన్నదాకా ఆయన ముద్ద కలపలేదు. ఆ మాట ఆయన ముప్పై ఏళ్ళ పాటు రోజూ అడిగాడు. మంచాన పడి, తనకే రెండు చెంచాల గంజి దిగని రోజుల్లో కూడా అడిగాడు. చివరిగా ఆయన నోటి నుంచి వచ్చిన అర్థమయ్యే మాట అదే.

అంతటివాడు ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు.

కొండబాబు వెళ్ళిన తెప్ప మీద ఇంకొకడు కూడా ఉండేవాడు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. రెండో రోజు ఆ తోటివాడి శవం ఒడ్డుకు కొట్టింది. కొండబాబుది కొట్టలేదు. దాలయ్య ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి వంశధార కలిసే దాకా, దక్షిణానికి నాగావళి కలిసే దాకా నడిచాడు. కొట్టుకువచ్చిన ప్రతి దుంగనూ తిప్పి చూశాడు. తిరిగి వచ్చిన నాడు కులపెద్దలు చుట్టూ చేరి, కర్మ చేయమన్నారు.

"శవం సూడకుండా సావు సెప్పకూడదు" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రమే మొదటిసారి నీళ్ళ అంచున నిలబడి పిలిచాడు. "కొండబాబూ..." అని మూడుసార్లు. ఒక్కో పిలుపు తరువాత ఒక కెరటం విరిగి వెనక్కి పోయేటంత సేపు ఆగేవాడు. మూడోది అయ్యాక వెనుదిరిగి ఇంటికి నడిచేవాడు. వెనక నుంచి ఎవరు పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. ఒకనాడు భుజం మీది తువ్వాలు జారి ఇసుకలో పడితే కూడా ఆగలేదు. లక్ష్మణమ్మ వెళ్ళి తెచ్చింది. ఇంటికి వచ్చాక సముద్రం వైపు తలుపు దగ్గరగా వేసేవాడు, గడియ మాత్రం వేయనిచ్చేవాడు కాదు. గడియ వేయని ఆ తలుపు గాలికి రాత్రంతా టకటకమంటూ ఉండేది. కొత్తలో ఆ చప్పుడుకు ఆమె లేచి కూర్చునేది. తరువాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు.

పారాదీప్‌లో అలాంటి మనిషిని చూశామని ఎవరో అంటే, దాలయ్య అటుకుల మూట కట్టుకుని రైలెక్కాడు. వెరావల్‌లో చూశామంటే అక్కడికీ వెళ్ళాడు. తిరిగి వచ్చి, "ఆడు కాదు. ఎవులో మరి, మతి పోయినోడు. ఆడి కోసం ఏ ఊళ్ళో ఎవులు సూస్తన్నారో పాపం" అన్నాడు. సొంత నిరాశలో కూడా ఆయనకు ఎదుటివాడి నిరీక్షణ కనిపించింది. లక్ష్మణమ్మ ఆయన్ను ద్వేషించలేకపోయింది అందుకే.

జవాబు మొదలైంది ఒక తప్పు వల్ల. రెండో ఏడాది, వేట నుంచి వస్తున్న కుర్రాళ్ళు కొందరు మసక చీకట్లో ముసలివాడి పిలుపు విని, వేళాకోళానికి "ఓ..." అని పలికారు. దాలయ్య పంచె కూడా ఎగ్గట్టకుండా నీళ్ళలోకి పరుగెత్తాడు. పీకల్లోతు వెళ్ళాడు. బోటులోని కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకారు. ఆయన్ను పట్టి లాగి ఒడ్డుకు తెచ్చారు. ఊరంతా ఆ కుర్రాళ్ళను చెట్టుకు కట్టి కొట్టడానికి సిద్ధమైంది. దాలయ్య దగ్గుతూ, ఉప్పునీళ్ళు కక్కుతూ, చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టకండిరా. పలకనీండి. పలికినోడు నా కొడుకే."

మరునాటి సాయంత్రం ఆయన పిలిచినప్పుడు, వస్తున్న బోట్లన్నీ పలికాయి. ఈసారి వేళాకోళం లేదు. అప్పటి నుంచి అది ఊరి ఆచారమైంది. పలికిన గొంతులను బట్టి ఏ బోటు వచ్చిందో, ఏది రాలేదో ఒడ్డున తెలిసిపోయేది. మంచు పట్టిన రోజుల్లో ఆ పిలుపే దారి. కొత్తగా వేటకు వెళ్ళే కుర్రాడు మొదటిసారి "ఓ" అన్న రోజున తల్లి ఇంట్లో పాయసం వండేది. ఒక కొడుకు పోయినవాడికి ఊరంతా కొడుకులయ్యారు.

అమావాస్య నాడు, గాలివాన హెచ్చరిక ఉన్న నాడు, బోట్లు దించని ఏ రోజునా ఆయన పిలిచేవాడు కాదు. ఒకసారి ఆమె అడిగింది. "ఎవులూ నేని సముద్రాన్ని పిలవకూడదమ్మా" అన్నాడు. సముద్రం మీద బతికేవాళ్ళకు ఉండే సవాలక్ష నమ్మకాల్లో ఒకటనుకుంది.

ఊళ్ళో ఆమె బొట్టు పెట్టుకునేది, గాజులు వేసుకునేది. పేరంటాలకు ఆమెను పిలిచేవారు కాదు. పిలవలేదన్న మాట రానిచ్చేవారూ కాదు. పసుపు పొట్లం ఇంటికి పంపేవారు. భార్య కాదు, విధవ కాదు. వాళ్ళలో మారుమనువు తప్పేమీ కాదు. రెండో ఏడాదిలోనే, బోట్లు పలకడం మొదలయ్యాక, ఆమె మేనబావ సోములు ఆమెను అడగడానికి వచ్చాడు. ఆమె తల్లి కూడా వెంట వచ్చింది. దాలయ్య వాళ్ళకు చేపల పులుసుతో అన్నం పెట్టించి, తిన్నాక అన్నాడు: "నా కొడుకు సచ్చిపోనాడని ఎవుడు సెప్పినాడు?" తరువాత సోములును ఒక్కణ్ణే పక్కకు తీసుకువెళ్ళి ఏదో మాట్లాడాడు. ఆ ఏడాది గడిచాక సోములు కొత్తవలస వైపు సంబంధం చేసుకున్నాడు.

దాలయ్యది ప్రేమా, వలా అన్న ప్రశ్న ఆమెలో ఏనాడూ పూర్తిగా నిద్రపోలేదు. అన్నం పెట్టిన చెయ్యే దారి మూసింది. రెండూ ఒకే చెయ్యి. తలుపు వెనక గడియలా ఆ ప్రశ్న తుప్పు పట్టి అలాగే ఉండిపోయింది.

*

దాలయ్య శవం లేచిన రోజున ఆడవాళ్ళు వీధి చివరి ఇంటి దగ్గరే ఆగిపోవాలి. అది ఊరి కట్టుబాటు. కాని బుల్లమ్మ ఆగలేదు. "నా అన్నని నాను సాగనంపుతాను. ఎవులాపుతారో సూస్తాను" అని కర్ర పట్టుకుని ముందుకు పోయింది. ఆవిడ పడిపోకుండా చెయ్యి పట్టుకోవడానికి లక్ష్మణమ్మ వెంట నడిచింది. అలా ఆమె తన జీవితంలో మొదటిసారి దింపుడు కళ్ళం దాకా వెళ్ళింది.

దారి మధ్యలో, సరుగుడు తోపు దాటాక, పాడె దించారు. డప్పులు ఆగాయి. చినబాబు మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి పిలవాలి. ఊపిరి ఎక్కడైనా మిగిలి ఉంటే తిరిగి వస్తుందని, ప్రాణం ఎక్కడైనా దగ్గరలో తచ్చాడుతుంటే వింటుందని, ఆఖరి ఆశ. పలికితే కట్లు విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. పలకకపోతే ఎత్తుకుని ముందుకు పోతారు. ఆ తరువాత వెనక్కి చూడకూడదు.

"నాన్నా..."

ఆగాడు. దూరాన ఒక కెరటం విరిగి వెనక్కి పోయింది.

"నాన్నా..."

లక్ష్మణమ్మ చేతిలో బుల్లమ్మ చెయ్యి చల్లగా ఉంది. చినబాబు గొంతు అచ్చం తండ్రిది. ఆ గొంతు, ఆ ఆగడం, ఆ రెండు పిలుపుల మధ్య చెవులు రిక్కించిన నిశ్శబ్దం, అన్నీ ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం విన్నవే.

"నాన్నా..."

ఎవరో పెద్దమనిషి, "ఎత్తండి. ఎనక్కి సూడకండి" అన్నాడు.

పాడె లేచింది. ఆమె మాత్రం అక్కడే నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళుగా తన మావ చేసింది నిరీక్షణ అనుకుంది ఊరు. పిచ్చి అనుకున్నారు కొందరు. అది రెండూ కాదు. ఆయన రోజూ సాయంత్రం తన కొడుకు పాడె దించుతున్నాడు. శవం లేని పాడెను ఆ నీళ్ళ అంచున దించి, మూడుసార్లు పిలిచి, వెనక్కి చూడకుండా ఇంటికి వస్తున్నాడు. కొడుకు పోయాడని మొదటి రోజే తెలిసిన తండ్రి చేసే పని అది.

కాని రోజూ బోట్లు పలికాయి. పలికితే ఎలా ఎత్తుతారు?

*

పెద్దదినానికి రెండు రోజుల ముందు సోములు పరామర్శకు వచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు వంగడం లేదు. అరుగు మీద చతికిలబడి, ఆమె ఇచ్చిన టీ చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

"బాగున్నావేటి లచ్చుమనమ్మా?"

"ఉన్నాను బావా. పిల్లలు?"

"ఆల్లకేటి, గుర్రాల్లాగున్నారు. నానే సంతలో మిగిలిపోయిన ముసలెద్దులాగైనాను." కాసేపు సముద్రం వైపు చూశాడు. "ఆనాడు మీ మావ నన్ను పక్కకి తీసుకెళ్ళి ఏటన్నాడో నీకు సెప్పినాడేటి?"

"నేదు."

"'ఏడాది ఆగు. నాను పిలిసినప్పుడు ఒక్క సాయంత్రం సముద్రం పలక్కపోతే, నా కోడల్ని నానే తెచ్చి నీ ఇంటికాడ దిగబెడతాను' అన్నాడు. నాను ఆగినాను. సాయంత్రాలు ఆ సరుగుడు తోపుల్లోకి వచ్చి కూకునీవోడిని. ఇనీవోడిని. రోజూ ఏదో ఒక బోటు పలికీది."

"బోట్లు దించని రోజుల్లేవేటి?"

సోములు నవ్వాడు. ఆ నవ్వులో ఇప్పుడు కోపం లేదు. ఉండవలసిన చోట ఖాళీ ఉంది.

"ఆ రోజుల్లో పిలవడు కదే మీ మావ!"

ఆమె చల్లారిన టీ గ్లాసు అతని చేతిలోంచి తీసుకుంది. అతను వెళ్ళేటప్పుడు బుల్లమ్మ, "ఎవులే ఆ ముసలోడు?" అని గట్టిగా అడిగింది. "సోములు బావ" అంటే, "అయ్యో, ఈడా! ఎంత సక్కని కుర్రాడు, ఎలగైపోనాడు!" అని అతను వినేలాగే అంది. సోములు వెనక్కి తిరిగి దండం పెట్టాడు.

ఆ తరువాత లక్ష్మణమ్మ చాలాసేపు అరుగు మీదే కూర్చుంది. మావ అబద్ధమాడలేదు. ఆడినమాట తప్పలేదు. పలకకపోతే పంపిస్తానన్నాడు, పంపేవాడే. కాని ఎవరూ పలకరని తెలిసిన రోజున నోరు తెరవలేదు. కొడుకు చావును ఒప్పుకోవడానికి ఆయనకు రోజూ ధైర్యం ఉండేది, మూడో పిలుపు దాకా. ఆ తరువాతి మౌనాన్ని వినడానికి మాత్రం లేదు. అంత పెద్ద జీవితంలో ఆ ఒక్క చోట ఆయన భయపడ్డాడు. ఆ భయంలోనే ఆమె యవ్వనం గడిచిపోయింది.

కోపం వస్తుందేమోనని చూసింది. వచ్చింది. అది వచ్చిన దారినే, కోడలు తిన్నాదా అన్న మాట కూడా వచ్చింది. రెండింటినీ ఆమె తోయలేదు. ఒక మనిషిని పూర్తిగా తెలుసుకోవడమంటే ఆయన మీద తీర్పు చెప్పగలగడం కాదేమో. తీర్పు చెప్పలేని చోటు దాకా ఆయనతో నడవడమేమో.

దించిన పాడె ఇంకా అక్కడే ఉంది. ఎత్తవలసినవాడు ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

*

పెద్దదినం ముందురోజు ఊళ్ళో బోట్లు దించలేదు. దాలయ్య మీద గౌరవంతో కులపెద్దలు వేట మాన్పించారు. బోట్లన్నీ ఇసుక మీద వరసగా బోర్లా పడుకున్న జంతువుల్లా ఉన్నాయి. సముద్రం మీద ఒక్క నలుసు లేదు. పొద్దు వెనక కొండల మీదికి దిగింది.

లక్ష్మణమ్మ చీర చెంగు దోపుకుని నీళ్ళ అంచుకు నడిచింది. ఎవరూ పలకడానికి లేని రోజు కాబట్టే ఆ రోజును ఎంచుకుంది. ఆమెకు కావలసింది జవాబు కాదు. మావ వినలేకపోయిన మౌనం కావాలి. అది విన్నాక వెనుదిరిగి, చినబాబుకు సరేనని చెప్పాలి.

ధర్మేంద్ర బోటు నీడలో కూర్చుని వల సర్దుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. "పెద్దమ్మా, ఒక్కదానివే ఎక్కడికి?"

"ఇక్కడికేరా. నువ్వు మాత్రం పలక్కు. నా మీదొట్టు."

వాడికి అర్థమైంది. వల కింద పెట్టి, రెండు చేతులూ నోటి మీద పెట్టుకున్నాడు, చిన్నపిల్లవాడిలా.

నీళ్ళు పాదాలను తడిపి వెళ్ళాయి. ఆమె నోరు తెరిచింది; మాట రాలేదు. భర్త పేరును ఆమె ఏనాడూ పలకలేదు. ఆ ఇంట్లో, ఆ కులంలో భార్య భర్త పేరు పలకదు. నాలుగు నెలలూ "ఇదిగో" అనే పిలిచింది. ముప్పై ఏళ్ళుగా ప్రతి సాయంత్రం మరొకరి నోట విన్న పేరు, తన నోటికి కొత్తది.

"కొండబాబూ..."

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. కెరటం విరిగింది, వెనక్కి పోయింది.

"కొండబాబూ..."

సముద్రం తన చప్పుడు తాను చేసుకుంటోంది. అందులో మాట లేదు. ఆమె కళ్ళు తడిశాయి, కాని గుండె తేలికైంది. ఇంకొక్కటి.

"కొండబాబూ..."

కెరటం విరిగింది. వెనక్కి పోయింది. పోయిన చోట ఒక క్షణం నీళ్ళూ గాలీ రెండూ ఆగినట్టయింది.

"ఓ..."

దూరం నుంచి వచ్చింది. బోట్లు వచ్చే దిక్కు నుంచి.

ఒళ్ళంతా ఇసుక పోసినట్టు బరువెక్కింది. ధర్మేంద్ర వైపు చూసింది. వాడి చేతులు నోటి మీదే ఉన్నాయి. కళ్ళు మాత్రం సముద్రం మీద ఉన్నాయి, రెప్ప వేయకుండా.

పలికితే కట్లు విప్పాలి. పలికితే ఇంటికి తెచ్చుకోవాలి. మళ్ళీ గాజులు, మళ్ళీ గడియ లేని తలుపు, మళ్ళీ రేపు సాయంత్రం. అప్పుడు, ఆ గొంతు చెవిలోంచి దిగి లోపలికి వెళ్ళాక, దాన్ని గుర్తుపట్టింది. భర్త గొంతు ఆమెకు గుర్తు లేదు. ఎవరు పలికినా అతనే అనుకోవలసిందే. కాని ఇది ఆమెకు తెలిసిన గొంతు. కొంచెం బొంగురు, చివర కొంచెం తెగిపోతుంది. రోజూ అన్నం వేళకు ఒక్క మాట అడిగే గొంతు.

కొడుకు పేరుకు తండ్రి పలికాడు.

బతికినన్నాళ్ళూ ఊరి కొడుకులందరి చేతా కొడుకు తరఫున పలికించినవాడు, ఇప్పుడు అవతలి ఒడ్డు నుంచి తానే పలికాడు. వెతికినవాడు దొరికినవాడి దగ్గరకు చేరాడు. అంతకన్నా ఏ అర్థమూ ఆమెకు తోచలేదు. అంతకన్నా అవసరం కూడా లేకపోయింది.

"తిన్నాను మావా" అంది, తనకు మాత్రమే వినిపించేటట్టు.

వెనుదిరిగింది. దోపుకున్న చెంగు జారి నీళ్ళలో తడుస్తోంది. లాక్కుంది గాని, వెనక్కి చూడలేదు. వెనక నుంచి ధర్మేంద్ర "పెద్దమ్మా... పెద్దమ్మా, ఇన్నావా?" అని అడిగాడు. చూడలేదు. ఇసుకలో తన పాత అడుగుల పక్కనే కొత్త అడుగులు వేసుకుంటూ ఇల్లు చేరింది.

అరుగు మీద బుల్లమ్మ కర్ర ఆనించుకుని, తల ఒక పక్కకు వంచి కూర్చుని ఉంది. చెవుడు వచ్చాక ఆవిడ అలా తల వంచి వినడం ఎవరూ చూడలేదు.

"ఎవులే పలికింది?" అంది.

లక్ష్మణమ్మ జవాబు చెప్పకుండా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళింది. చినబాబు రేపటి కర్మకు కావలసిన దర్భలూ నువ్వులూ సర్దుతున్నాడు. వదినను చూసి లేచి నిలబడ్డాడు.

"రేపు రెండు ముద్దలు పెట్టు సినబాబూ."

అతను తల ఊపాడు. నువ్వులను రెండు పొట్లాలుగా విడదీశాడు.

ఆమె సముద్రం వైపు తలుపు దగ్గరకు వెళ్ళి, మూసి, గడియ మీద చెయ్యి వేసింది. ముప్పై ఏళ్ళు కదలని ఇనుము. రెండు చేతులతో నెట్టింది. కీచుమని సగం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ నెట్టింది; రాలేదు. చేతికి ఎర్రటి తుప్పు అంటుకుంది.

దీపం దగ్గర నుంచి నూనె తెచ్చి, గడియ మీద నాలుగు చుక్కలు వేసింది. మిగతా సగం తెల్లవారాక చూసుకోవచ్చు. గాలి వచ్చి తలుపును తోసింది. తలుపు ఒక్కసారి కదిలింది గాని, చప్పుడు చేయలేదు.